కుంట కొలతలు రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు కావు

సందేహం: మా పొలంలో పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతుతో ఫామ్ పాండ్ (నీటి కుంట) ఉంది. ఏటవాలు గట్లు, అడుగు 4 మీటర్లు × 4 మీటర్లు. ఆ నీళ్లు సరిపోవడం లేదు. రెట్టింపు నీళ్ల కోసం అన్ని కొలతలూ రెట్టింపు చేసి కొత్త కుంట తవ్వించి, నీళ్లు ఇంకకుండా లోపల పరిచే ప్లాస్టిక్ షీట్ కూడా రెండింతలు కొందామనుకుంటున్నాను. సరేనా?
– ఒక రైతు

జవాబు: దయచేసి తవ్వకం మొదలుపెట్టకండి. మీ లెక్క ప్రకారం చేస్తే అవసరానికి నాలుగింతల కుంట తయారవుతుంది, కొన్న షీట్ మాత్రం అందులో సగానికే వస్తుంది.

మీ పాత కుంట అంచుదాకా నిండితే 104 ఘనపు మీటర్లు, అంటే 1,04,000 లీటర్లు. కొలతలన్నీ రెట్టింపైతే 8,32,000 లీటర్లు పడతాయి, ఎనిమిదింతలు. ఒక మీటరు డబ్బాను ఊహించుకోండి. దాన్ని అన్ని వైపులా రెండు మీటర్లు చేస్తే పొడవున రెండు, వెడల్పున రెండు, ఎత్తున రెండు, మొత్తం ఎనిమిది పాత డబ్బాలు అందులో పడతాయి. తవ్వి పోయాల్సిన మట్టీ ఎనిమిదింతలే. షీట్ పరిచే గట్లు, అడుగు మాత్రం వైశాల్యం కాబట్టి నాలుగింతలు: 117 చదరపు మీటర్ల నుంచి 468కి.

లోతు 2 మీటర్లే ఉంచి, పైన మాత్రం 20 × 20 చేద్దామని కొందరు అడుగుతుంటారు. గట్ల వాలు అదే ఉంటే అడుగు 14 × 14 అవుతుంది. ఆకారం మారింది కనుక ఎనిమిది, నాలుగు లెక్కలు ఇక్కడ పనిచేయవు. నీళ్లు 584 ఘనపు మీటర్లే, షీట్ మాత్రం 441 చదరపు మీటర్లు. అన్ని కొలతలూ రెట్టింపు చేసిన కుంటతో పోలిస్తే దాదాపు అంతే షీట్‌కు చాలా తక్కువ నీళ్లన్నమాట. పైగా నీటి పైభాగం రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఆవిరయ్యేదీ అంతే. అందుకే నేల అనుకూలిస్తే లోతు కూడా పెంచమంటాను.

మీకు కావలసింది రెట్టింపు నీళ్లే కదా. దానికి ప్రతి కొలతనూ 1.26తో హెచ్చవేస్తే చాలు, ఎందుకంటే 1.26ను మూడుసార్లు హెచ్చవేస్తే దాదాపు 2 వస్తుంది. పైన 12.6 × 12.6, లోతు 2.52, అడుగు 5.04 × 5.04 మీటర్లు. నీళ్లు 208 ఘనపు మీటర్లు. షీట్ ఆనే వైశాల్యం 1.59 రెట్లు, సుమారు 186 చదరపు మీటర్లు.

అయితే 186కే ఆర్డర్ ఇవ్వకండి. షీట్ ఒకే ముక్కగా వస్తే మూలల్లో మడత పడుతుంది, అంచును గట్టు మీద కాలవలో పూడ్చాలి. ఆ అంచు కుంటతో పాటు పెరగదు, ఒక్కో వైపు మీటరు చొప్పున వేసుకోండి. అడుగు 5.04, రెండు వాలు గట్లు 9.09, అంచులు 2 కలిపితే 16.13 మీటర్లు, కాబట్టి 16.2 × 16.2 షీట్ కావాలి. తవ్వకంలో కొలతలు అటూఇటూ అవుతాయి. గుంత పూర్తయ్యాక ఒక అంచు నుంచి అడుగు మీదుగా ఎదుటి అంచుదాకా టేపును నేలకు ఆనించి కొలిచి, అప్పుడు కొనండి.