బోర్డింగ్ స్కూల్లో డైవర్సిటీ డైరెక్టర్‌గా వెళ్తున్న మా చెల్లెలి కూతురికి

అమ్మడూ, నీ మెసేజ్ రాత్రి పడుకోబోయే ముందు చూశా, ఉద్యోగం వచ్చిందని చదవగానే ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది, అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. మసాచుసెట్స్‌లో ఒక బోర్డింగ్ స్కూల్లో 26 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పా, అందులో 19 ఏళ్ళు ఆడపిల్లల డార్మ్‌లోనే, అంటే హాస్టల్లోనే, వాళ్ళని చూసుకునే డార్మ్ పేరెంట్‌గా ఉన్నా, రంగు, డబ్బు తేడా లేకుండా పిల్లలందరికీ స్కూల్లో సమానంగా చోటుండేలా చూసే నీ పని నేను చెయ్యలేదు గానీ ఆ పని చేసినవాళ్ళని దగ్గర్నుంచి చూశా, నాకు తెలిసిన ముగ్గురు రెండేళ్ళు తిరక్కుండానే అలిసిపోయి వెళ్ళిపోయారు. నువ్వు అలా కాకూడదనే ఈ ఉత్తరం.

ముందు సంతకం పెట్టేలోపు అడగాల్సినవి అడిగెయ్. నువ్వు డైరెక్ట్‌గా హెడ్ ఆఫ్ స్కూల్‌కి రిపోర్ట్ చేస్తావా, లేక మధ్యలో ఇద్దరు డీన్లు ఉన్నారా? అడ్మిషన్స్‌లో, టీచర్ల హైరింగ్‌లో, డిసిప్లిన్ కమిటీలో నీకు కుర్చీ ఉందా? బడ్జెట్ నీ చేతిలో ఉంటుందా? ఇవేవీ లేకపోతే నీకు మిగిలేది మార్టిన్ లూథర్ కింగ్ డే రోజున స్పీకర్ని పిలవడం, బ్రోషర్ ఫోటోలో నల్లపిల్లలు ముందు వరసలో ఉన్నారా లేదా చూసుకోవడం అంతే. మొహమాట పడకు, ఉద్యోగంలో చేరాక ఇవి అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. పగటి స్కూల్లో పిల్లకి ఏదన్నా జరిగితే మూడింటికి ఇంటికి పోయి అమ్మ ఒళ్ళో పడి ఏడుస్తుంది, బోర్డింగ్ స్కూల్లో తనని ఆ మాట అన్న పిల్లతోనే అదే బాత్రూంలో పళ్ళు తోముకోవాలి, పక్క మంచం మీదే పడుకోవాలి. అందుకే అసెంబ్లీ హాల్లో ఎన్ని ప్రోగ్రాములు పెట్టినా నిజం తెలిసేది మాత్రం రాత్రి పదింటికి చెకిన్, అంటే హాజరు, అయ్యాక డార్మ్‌లోనే.

ఒకటి చెప్తా విను. న్యూయార్క్ నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక నల్లపిల్ల, పద్నాలుగేళ్ళు, ఒక రాత్రి స్టడీ హాల్ టైంలో కనపడకపోతే వెతుక్కుంటూ కిందకి వెళ్ళా, లాండ్రీ రూంలో డ్రయర్‌కి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది, డ్రయర్‌లో బట్టలేమీ లేవు, ఆ వెచ్చదనం కోసం, ఆ చప్పుడులో ఏడుపు వినపడదని ఊరికే ఆన్ చేసుకుంది. ఏమైందే అంటే, హిస్టరీ క్లాసులో బానిసత్వం గురించి చెప్తూ టీచర్ తన వైపు తిరిగి నీకేమనిపిస్తోంది చెప్పు అన్నాడట. మా క్లాసుల్లో హార్క్‌నెస్ టేబుల్ ఉండేది, 1930లో ఎక్సెటర్ అకాడమీకి హార్క్‌నెస్ అనే దాత డబ్బులిస్తే మొదలైన పద్ధతి, కోడిగుడ్డు ఆకారం బల్ల చుట్టూ ఓ పన్నెండు మంది కూర్చుని మాట్లాడుకుంటారు, చదువుకి చాలా మంచి పద్ధతే గానీ ఆ బల్ల దగ్గర దాక్కోడానికి చోటుండదు, అందరి కళ్ళూ ఒకేసారి ఆ పిల్ల మీద పడ్డాయి. "నేనిక్కడికి హిస్టరీ చదువుకోడానికి వచ్చా, నన్ను చూపించి పాఠం చెప్తారేంటి" అంది. నేనేమన్నానో తెలుసా, ఆయన మంచివాడేలేమ్మా, సర్దుకుపో అన్నా. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని గుడ్ నైట్ చెప్పి పైకి వెళ్ళిపోయింది, తర్వాత నాలుగేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ నాకు ఏదీ చెప్పలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధే.

కాబట్టి టీచర్లకి ట్రైనింగ్ పెడితే పెద్ద పెద్ద మాటలు తర్వాత, ముందు ఇది చెప్పు, క్లాసులో ఏ పిల్లనీ తన జాతి మొత్తం తరఫున మాట్లాడమని అడగొద్దు, ఇద్దరు నల్లపిల్లల పేర్లు తారుమారు చేసి పిలవొద్దు. మనలాంటి వాళ్ళం కూడా చేస్తాం అది, నన్ను స్టాఫ్ రూంలో ఇంకో ఇండియన్ టీచర్ పేరుతో పిలిస్తే ఒళ్ళు మండేది, మళ్ళీ నేనే ఒక టర్మ్ అంతా ఇద్దరు పిల్లల పేర్లు తికమక పడ్డా.

2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు చంపేశాక ఆ ఎండాకాలం ఇన్‌స్టాగ్రామ్‌లో 'బ్లాక్ ఎట్' అని మొదలుపెట్టి స్కూల్ పేరుతో అకౌంట్లు వచ్చాయి గుర్తుందా, ప్రైవేట్ స్కూళ్ళలో చదివిన నల్లపిల్లలు, ఎప్పుడో చదువైపోయిన వాళ్ళు కూడా, పేరు చెప్పకుండా తమకి జరిగినవి రాశారు. మా స్కూల్ వాళ్ళవి నేను ఒక్కటి వదలకుండా చదివా. అన్న మాటలు దారుణం సరే, కానీ నా గుండె పిండేసింది ఏంటంటే చాలా వాటిలో చివరి లైన్ ఒకటే, ఫలానా పెద్దవాళ్ళకి చెప్పా, ఏమీ జరగలేదు అని. తర్వాత స్కూళ్ళన్నీ స్టేట్‌మెంట్లు ఇచ్చాయి, కమిటీలు వేశాయి. నువ్వు వెళ్ళగానే చెయ్యాల్సింది మాత్రం ఆ చివరి లైన్ మార్చడం. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో మాట్లాడతారు, రెండు వైపులా తల్లిదండ్రులకి ఎవరు ఫోన్ చేస్తారు, చెప్పిన పిల్ల మీద ఎవరూ కక్ష కట్టకుండా ఎవరు చూస్తారు, ఏం తేలిందో ఆ పిల్లకి ఎవరు తిరిగి చెప్తారు, ఇదంతా ఒక్క పేజీలో పిల్లలకి అర్థమయ్యే మాటల్లో రాయించి హ్యాండ్‌బుక్‌లో పెట్టించు, ప్రతి డార్మ్ గోడ మీదా అంటించు. తప్పు చేసిన పిల్లని కూడా పంపించెయ్యడమే దారి అనుకోకు, పద్నాలుగేళ్ళ పిల్ల ఇంట్లో విన్న మాటే అంటుంది, నేర్పడానికే కదా మనం ఉన్నది, కాకపోతే దెబ్బ తిన్న పిల్ల ముందు, నేర్పడం తర్వాత.

రూల్స్ గురించి కొంచెం తెలుసుకుని వెళ్ళు, ట్రస్టీలు అడుగుతారు. ప్రైవేట్ స్కూలైనా రంగు చూసి పిల్లని చేర్చుకోం అనడానికి లేదని 1976లో రన్యన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది, 1866 నాటి పౌర హక్కుల చట్టం మీద. అలాంటి వివక్ష చూపిస్తే ట్యాక్స్ మినహాయింపు కూడా పోతుందని 1983లో బాబ్ జోన్స్ యూనివర్సిటీ కేసులో తేల్చింది. 2023 జూన్‌లో హార్వర్డ్ యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిని చూడటం చెల్లదని అదే కోర్టు తీర్పు ఇచ్చాక జాతిని లెక్కలోకి తీసుకోవడం గురించి అందరూ జాగ్రత్త పడుతున్నారు, నువ్వూ స్కూల్ లాయర్‌తో ముందే కూర్చో. అఫినిటీ గ్రూపులు, అంటే ఒకే నేపథ్యం ఉన్న పిల్లలు కలిసి మాట్లాడుకునే గుంపులు, పెట్టేటప్పుడు ఎవర్నీ బలవంతంగా తోయొద్దు, ఎవరికీ తలుపు వెయ్యొద్దు.

జుట్టు సంగతి మర్చిపోవద్దు, నవ్వుతావేమో గానీ నాకు ఇది చాలా పెద్ద విషయం. 2017లో బోస్టన్ పక్కన ఒక చార్టర్ స్కూల్లో, అంటే ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే స్కూల్లో, ఇద్దరు నల్ల అక్కచెల్లెళ్ళు, కవలలు, కృత్రిమ జుట్టు కలిపి జడలు అల్లుకున్నారని డిటెన్షన్లు వేశారు, టీముల్లోంచి తీసేశారు. మన అమ్మమ్మలు సవరం పెట్టుకుని జడ వేసుకునేవాళ్ళు కదా, అదే అనుకో, దానికి శిక్ష! ఆ గొడవ తర్వాతే 2022లో మసాచుసెట్స్‌లో జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం వచ్చింది. బోర్డింగ్ స్కూళ్ళు ఎక్కువ చిన్న ఊళ్ళల్లోనే ఉంటాయి, అక్కడ ఆ జుట్టు కత్తిరించడం, అల్లడం వచ్చినవాళ్ళు ఉండరు. మా దగ్గర ఒక అబ్బాయి నవంబర్ దాకా టోపీ తియ్యకుండా తిరిగాడు, క్లాసులో టోపీ పెట్టుకున్నందుకు తిట్లు కూడా తిన్నాడు, ఎందుకు తియ్యట్లేదో ఎవరూ అడగలేదు. చివరికి ఒక కోచ్ రెండు శనివారాలకి ఒకసారి స్కూల్ వ్యాన్‌లో గంట దూరం బార్బర్ దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు, ఆ వ్యాన్ చేసినంత మేలు మా స్కూల్లో ఏ వర్క్‌షాపూ చెయ్యలేదని నేను గట్టిగా నమ్ముతా.

డబ్బు కూడా అంతే. 1963లో మొదలైన 'ఎ బెటర్ ఛాన్స్', 1978లో న్యూయార్క్‌లో మొదలైన 'ప్రెప్ ఫర్ ప్రెప్' లాంటి సంస్థలు ఎంతోమంది పిల్లల్ని ఈ స్కూళ్ళ గుమ్మం దాకా తెచ్చాయి, గుమ్మం దాటాక చూసుకోవాల్సింది మనమే. ఫీజు మాఫీ అవుతుంది, మరి చలి కోటు, లాండ్రీ, స్కీ ట్రిప్పు, వీకెండ్ పిజ్జా ఎవరిస్తారు? పిల్ల వచ్చి చెయ్యి చాపక్కర్లేకుండా స్టూడెంట్ కార్డులోనే వేసేలా మాట్లాడు.

ఇంకోటి, మనవాళ్ళు. నువ్వు తెలుగు పిల్లవని తెలియగానే ఇండియన్ పేరెంట్స్ నీకు ఫోన్ చేస్తారు, నాకూ చేశారు, ఒకావిడ తెలుగులో గొంతు తగ్గించి "నల్లమ్మాయిని రూమ్మేట్‌గా వేశారండీ, మీరు కాస్త చెప్పి మార్పించరూ" అంది. ఆ రోజు మాత్రం సర్దుకుపోలేదమ్మా. 1946లో మన దేశం నుంచి ఏడాదికి వంద మందినే అమెరికాకి వలస రానిచ్చారు, 1965లో వలస చట్టం మార్చి తలుపు తీసింది నల్లవాళ్ళు రోడ్డెక్కి కొట్లాడిన ఆ రోజుల్లోనే, వాళ్ళు తెచ్చుకున్న హక్కుల నీడలోనే మనం ఇళ్ళు కొనుక్కున్నాం, మార్చనండీ అని చెప్పా. పండక్కి పిలవడం మానేశారు, పర్లేదు. మన పిల్లల్లో కులం మాటలు కూడా వినపడతాయి, 2023లో సియాటిల్ కులవివక్షని నిషేధించింది కదా, అది మీకు సంబంధం లేని విషయం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

థాంక్స్‌గివింగ్‌కి డార్మ్‌లు మూసేస్తారు, వెళ్ళడానికి టికెట్ డబ్బుల్లేని పిల్లలు, అడగడానికి సిగ్గుపడి ఫ్రెండ్ ఇంటికెళ్తున్నా అని అబద్ధం చెప్పే పిల్లలు ఉంటారు. సెప్టెంబర్‌లోనే డార్మ్ డార్మ్ తిరిగి ఎవరు మిగులుతారో లిస్ట్ రాసుకో, రాసుకుని నాకు పంపు. మా ఇంట్లో పైన రెండు గదులు ఖాళీ, నాలుగు మంచాలు పడతాయి, పెదనాన్న వ్యాన్ తీసుకుని వస్తానంటున్నారు.

మీ పెద్దమ్మ