పాత కారు క్యాసెట్ సెట్‌కి ఆక్స్ జాక్ మనమే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఆక్స్ జాక్ అంటే ఫోన్ ఆడియో వైరు గుచ్చుకునే రంధ్రం. సోల్డరింగ్ కాస్త చేతికి అలవాటై ఉండి, విప్పిన స్క్రూలు కలిసిపోకుండా చూసుకునే ఓపిక ఉంటే చాలు. మీరు అడిగింది ఇదీ: రాజాంలో మీ నాన్నగారి పాత మారుతి జెన్ కారు, అందులో క్యాసెట్ సెట్. దాన్ని తీయడానికి ఆయన ఒప్పుకోరు, మీకేమో ఫోన్‌లో పాటలు వినాలి. మాది శ్రీకాకుళం. మా ఇంట్లో ఎస్టీమ్ విషయంలోనూ ఇదే గొడవ నడిచింది. చివరికి సెట్ విప్పి జాక్ పెట్టాను, ఇప్పటికీ దాంతోనే వింటున్నాం. తర్వాత చుట్టాల బళ్లకి కూడా చేసిచ్చాను.

అయితే పాత సెట్ మీద మమకారం ఉంటేనే ఈ పని పెట్టుకోండి. లేకపోతే బ్లూటూత్ ఉన్న సెట్ కొని బిగించేయడమే తెలివైన పని. చాలావరకు ఆ పాత ఖాళీలోనే కొత్తదీ సరిపోతుంది. ఎప్పుడో పండక్కి మాత్రమే బండి తీసేవాళ్లకి క్యాసెట్ అడాప్టర్ (క్యాసెట్ ఆకారంలో ఉండి, వైరుతో ఫోన్‌కి కలిసేది) చాలు. క్యాసెట్ వైపు దానంతటదే మార్చే ఆటో రివర్స్ సెట్లలో మాత్రం అది ఒక్కోసారి అటూ ఇటూ తిరిగి బయటికి వచ్చేస్తుంటుంది. ఫోన్ పాటని రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ నాకు నచ్చదు. పాలకొండ వైపు బాగానే పాడుతుంది గానీ, హైవే ఎక్కి విశాఖ దగ్గరయ్యేకొద్దీ స్టేషన్లు వచ్చి మీద పడతాయి. డ్రైవింగ్‌లో ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటూ కూర్చోవడం మంచిది కాదు.

ఇక అసలు విషయం. రేడియో నుంచి, టేప్ హెడ్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ముందు వాల్యూమ్ దగ్గరికి వెళ్తుంది. అక్కణ్ణుంచి సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ ఐసీకి (చిప్‌కి), ఆపైన స్పీకర్లకి. ఫోన్ సిగ్నల్‌ని మనం వాల్యూమ్‌కి ముందు కలపాలి. మొత్తం పని ఇంతే. ఆ చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే.

కొందరు తేలిగ్గా ఉంటుందని ఫోన్ వైరుని స్పీకర్ వైర్లకి కలిపి చూస్తారు. అది మాత్రం చేయకండి. చాలా కారు సెట్లలో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలో ఏదీ ఎర్త్ కాదు, రెండింటి మీదా సుమారు ఆరు వోల్టులు ఉంటాయి. ఫోన్ పోతుంది, ఒక్కోసారి ఐసీ కూడా పోతుంది.

విప్పేముందు బ్యాటరీ మైనస్ వైర్ తీసేయండి, 10 నంబర్ స్పానర్ చాలు. సెట్‌కి సెక్యూరిటీ కోడ్ ఉంటే ముందే చూసి పెట్టుకోవాలి, లేదంటే కరెంటు మళ్లీ ఇచ్చాక అది లాకై కూర్చుంటుంది. సెట్‌ని పట్టుకునే పక్క క్లిప్పులు విడిపించడానికి తాళంచెవుల్లాంటి రేకు ముక్కలు ఉంటాయి గానీ, ఇన్నేళ్ల తర్వాత అవి ఎవరింట్లో ఉంటాయి? విరిగిన హాక్సా బ్లేడు ముక్కలు రెండు పక్కలా దూర్చి లాగితే వస్తుంది. వెనక రేకు పట్టీతో బిగించి ఉందేమో చూసుకోండి. ఉంటే అది విప్పకుండా సెట్‌ని లాగకూడదు. కనెక్టర్లు పీకేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కాస్త తర్వాత వచ్చిన సెట్లలో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి నేరుగా, ఎరుపు తాళం తిప్పాక వచ్చేది, నలుపు ఎర్త్. పాత వైరింగ్‌లో మధ్యలో ఎవరో ఎలక్ట్రీషియన్ దొరికిన రంగుతో అతుకులేసి ఉంటారు కాబట్టి మల్టీమీటర్‌తో చూడందే నమ్మకండి.

పై రేకు తీశాక వాల్యూమ్ నాబ్ వెనక చూడండి. నాబ్ రెండు చివర్లా ఆగిపోయే రకమైతే మీ పని సులువు. దాని వెనక మూడేసి కాళ్లు రెండు వరసలు ఉంటాయి, ఒకటి ఎడమ స్పీకర్‌కి, ఒకటి కుడికి. కొన్నింటికి లౌడ్‌నెస్ కోసం అదనంగా ఒక కాలు ఉంటుంది, కంగారు పడకండి. సెట్‌లో కరెంటు లేనప్పుడు మీటర్ పెట్టి చూస్తే వరసలో ఒక చివరి కాలు సాధారణంగా సెట్ ఎర్త్‌తో కలుస్తుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినప్పుడు ఆ ఎర్త్‌తో దాదాపు సున్నా ఓమ్స్ చూపించేది ఆంప్లిఫయర్‌కి వెళ్లే కాలు. రెండో చివరిది లోపలికి సిగ్నల్ వచ్చే కాలు. మనకి కావలసింది అదే.

మీటర్ చెప్పినా పాటతో ఒకసారి రుజువు చేసుకోవాలి. కనెక్టర్లు, బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, ఫోన్ వైరు చివర 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్ పెట్టి, ఫోన్ ఎర్త్‌ని సెట్ ఎర్త్‌కి కలిపి, సెట్ రేడియోలో ఉండగా కెపాసిటర్ కాలు అక్కడ ఆనించండి. పాట వచ్చి, నాబ్ తిప్పితే తగ్గుతూ పెరుగుతూ ఉంటే సరైన చోటే. నాబ్ దాదాపు చివరిదాకా తగ్గించేవరకూ పాట పెద్దగానే వస్తుంటే మీరు వాల్యూమ్ దాటిపోయి తర్వాతి కాలు మీద ఉన్నారు. ఆ కెపాసిటర్ తర్వాత కూడా తీయకండి. సెట్లో ఉండే డీసీ వోల్టేజీ ఫోన్‌లోకి రాకుండా ఆపేది అదే.

నాబ్ ఆగకుండా తిరుగుతూ డిస్‌ప్లేలో నంబర్లు మారే రకమైతే దాని కాళ్ల మీద పాట ఉండదు. వాల్యూమ్ పని లోపల టీడీఏ7313, పీటీ2313 లాంటి ఐసీ చేస్తుంది. దాని డేటాషీట్ (ఏ కాలు ఏం చేస్తుందో తయారీదారు ఇచ్చే వివరాలు) చూసి ఇన్‌పుట్ కాళ్లు పట్టుకోవాలి. మొదటిసారి చేస్తుంటే ఆ రకం మీద ప్రయోగం వద్దంటాను. మా ఊళ్లో టేపులు బాగుచేసిన పాత మెకానిక్‌లు కొందరు ఇప్పుడు మొబైల్ షాపుల్లో ఉన్నారు, సన్న సోల్డరింగ్‌కి వాళ్ల చేయి మన చేయి కంటే నయం.

చోటు దొరికాక వైరు ఊరికే అతికించేస్తే పాట వెనక రేడియో గొణుగుతూ ఉంటుంది. అందుకే స్విచ్ ఉన్న ఐదు కాళ్ల 3.5 ఎంఎం జాక్ కొనండి. మళ్లీ కరెంటు తీసేసి, రేడియో నుంచి వాల్యూమ్‌కి వచ్చే రాగి గీతను బోర్డు మీద బ్లేడుతో తెంచి, రేడియో వైపు కొసని జాక్ స్విచ్ కాలికీ, ఫోన్ పిన్నుకి తగిలే జాక్ కాలిని కెపాసిటర్ ద్వారా వాల్యూమ్ వైపు కొసకీ కలపాలి. కుడికీ ఎడమకీ విడివిడిగా ఇలాగే. పిన్ను గుచ్చితే ఫోన్, తీస్తే మళ్లీ రేడియో, క్యాసెట్. మీ నాన్నగారికి తేడాయే తెలియదు. ఫోన్ వినేటప్పుడు సెట్ రేడియోలోనే ఉంచండి, టేప్‌లో పెడితే మోటారు ఊరికే తిరుగుతుంది.

వైరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. షీల్డ్ ఉన్న సన్నటి ఆడియో వైరే వాడండి. ఆ షీల్డ్‌ని వాల్యూమ్ పక్కనున్న బోర్డు ఎర్త్‌కే కలపాలి, కారు బాడీకి కాదు. జాక్ కూడా ప్లాస్టిక్ బాడీదై ఉండాలి, డాష్‌బోర్డు రేకుని తగలకూడదు. ఇంత చేసినా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టగానే 'కుయ్' మని ఒక కూత రావచ్చు, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కూత కూడా పైకి వెళ్తుంది. అది ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) గోల. ఛార్జర్ పీకితే ఆగిపోయిందంటే మీ సోల్డరింగ్‌లో తప్పు లేదు. ఛార్జర్ ఒక దారిలో, ఆక్స్ ఒక దారిలో ఎర్త్ అవుతున్నాయి. ఫోన్‌కీ జాక్‌కీ మధ్య గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే, రెండు ఎర్త్‌లనీ విడదీసే చిన్న డబ్బీ పెడితే పోతుంది. మరీ చవకది తీసుకుంటే బేస్ కాస్త పలచబడుతుంది, డప్పు పాటల్లో తెలిసిపోతుంది.

జాక్‌కి చోటు అంటే నా ఓటు యాష్‌ట్రేకే. 6 ఎంఎం బెజ్జం చాలు, డాష్‌బోర్డు పాడవదు, రేపెప్పుడైనా వద్దనుకుంటే యాష్‌ట్రే మార్చేస్తే సరి. కళింగపట్నం వైపు తరచూ వెళ్లే బళ్లలో ఉప్పుగాలికి జాక్ లోపల చిలుము పట్టి ఒక స్పీకరు మూగబోతుంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే మళ్లీ పలుకుతుంది.

మీ ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే డాక్ (డీఏసీ, ఫోన్‌లోని డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే చిప్) ఉన్న టైప్-సీ అడాప్టర్ తీసుకోండి, ఉత్త వైరు అడాప్టర్ కొన్ని ఫోన్లకి పలకదు. లేదంటే సొంత బ్యాటరీ ఉన్న బ్లూటూత్ రిసీవర్‌ని ఈ జాక్‌కే గుచ్చుకోవచ్చు, అప్పుడు కూత సమస్యా ఉండదు.

ముందు సెట్ పై రేకు తీసి, నాబ్ వెనక భాగం పైనుంచి, బోర్డు కింది వైపు నుంచి ఫొటోలు తీసి పెట్టండి. ఏ గీత తెంచాలో గుర్తు పెట్టి చెప్తాను. అప్పటిదాకా బ్లేడు ముట్టుకోకండి.