గాలిలో గ్యాసుల రియాక్షన్ల మీద పీహెచ్‌డీ అంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, జేఆర్ఎఫ్ వచ్చింది. ఫ్లోరిన్, క్లోరిన్ ఉన్న హైడ్రోకార్బన్ల గ్యాస్ ఫేజ్ కైనెటిక్స్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు డేటా సైన్స్ నేర్చుకుని సెటిల్ అయ్యాడు. ఫార్మా జాబ్, డేటా సైన్స్, పీహెచ్‌డీ, ఈ మూడూ పోల్చి చెప్పండి. తనకి 24 ఏళ్లు. (ఒక తండ్రి, ఖమ్మం)

సార్, మీరు పోలిక అడిగారు గానీ లోపల భయం వేరే ఉంది, ఐదారేళ్లు పోయాక పిల్ల ఏ ప్రైవేట్ కాలేజీలోనో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పుకుంటుందేమో, ఈలోపు సంబంధాలు తప్పిపోతాయేమో అని. ఈ ప్రశ్న నాకు ప్రతి సంవత్సరం వస్తుంది, అందుకే ముందు దానికే జవాబు చెప్తా.

జేఆర్ఎఫ్ అంటే పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్, నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, హెచ్ఆర్ఏ వేరే. ఫార్మా క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో) ఫ్రెషర్‌కి చాలాచోట్ల అంత రాదు. అంటే మీరు చదివించట్లేదు సార్, తనే సంపాదించుకుంటూ చదువుతోంది. పెళ్లికి పీహెచ్‌డీ అడ్డం కాదు, చదువుతూ చేసుకున్నవాళ్లు బోలెడుమంది.

సబ్జెక్ట్ గురించి మీకెవరూ చెప్పినట్టు లేదు. ఏ గ్యాస్ దేనితో ఎంత వేగంగా రియాక్ట్ అవుతుందో కొలవడమే గ్యాస్ ఫేజ్ కైనెటిక్స్. ఫ్రిజ్‌ల్లో వాడిన సీఎఫ్‌సీలు (క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ ఉన్న గ్యాసులు) కింద గాలిలో దేనితోనూ రియాక్ట్ కావు, అందుకే పైన ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ దాకా వెళ్లి అక్కడ విడిపోయి ఓజోన్‌ని దెబ్బతీస్తాయని మొలీనా, రోలాండ్ అనే సైంటిస్టులు 1974లో చెప్పారు, 1995లో నోబెల్ వచ్చింది. వాటి బదులు వచ్చిందే ఆర్-134ఏ, చాలా కార్ల ఏసీల్లో ఉండేది. గాలిలో గ్యాసుల్ని విరగ్గొట్టే ఓహెచ్ రాడికల్ అనే చురుకైన కణం దీంట్లోంచి హైడ్రోజన్ లాక్కోవడం చాలా నెమ్మది, అందుకని దాదాపు 14 ఏళ్లు గాలిలోనే ఉండి వేడి పెంచుతుంది. దాని బదులు కొత్తగా వచ్చిన 1234వైఎఫ్ గ్యాస్‌లో కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉంది, ఓహెచ్ దానికే నేరుగా అతుక్కుంటుంది, కొన్ని రోజుల్లో గ్యాస్ పోతుంది, కానీ చివరికి ట్రైఫ్లోరోఎసిటిక్ యాసిడ్ అయి వానతో దిగుతుంది, అది ఓ పట్టాన విరగదు, ఇప్పుడు ఆందోళనంతా దాని గురించే. ఏ గ్యాస్ ఉండాలి ఏది పోవాలి అని తేల్చడంలో ఈ రియాక్షన్ వేగాల్ని చెప్పే రేట్ కాన్‌స్టంట్లే కీలకం. ఆర్-134ఏ లాంటి హెచ్ఎఫ్‌సీ గ్యాసుల్ని తగ్గించాలనే అంతర్జాతీయ కిగాలీ ఒప్పందాన్ని మనదేశం 2021లో ఆమోదించింది, 2032 నుంచి వాటిని తగ్గించుకుంటూ 2047కి 85 శాతం కోత పెట్టాలి. మీ అమ్మాయి సర్వీస్ అంతా సరిగ్గా ఆ ఏళ్లలోనే.

డేటా సైన్స్ మీద నాకు నిజంగా అనుమానాలున్నాయి. ఆ ఫీల్డ్ చెడ్డదని కాదు, మూడు నాలుగు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకున్న కెమిస్ట్రీ పిల్లలు బీటెక్ కంప్యూటర్స్ వాళ్లతో ఒకే క్యూలో నిలబడుతున్నారు, అక్కడ వీళ్ల కెమిస్ట్రీని అడిగేవాడే ఉండడు, ఫీజు కట్టించుకున్నవాళ్లేమో ప్లేస్‌మెంట్ మాట వచ్చేసరికి ఫోన్ ఎత్తరు. మీ మేనల్లుడికి కుదిరింది, సంతోషం, కానీ అతని గురించి రాశారే తప్ప మీ అమ్మాయి ఈ టాపిక్కే ఎందుకు ఎంచుకుందో ఒక్క ముక్క రాయలేదు మీరు. అడిగారా అసలు? జేఆర్ఎఫ్ తెచ్చుకున్న పిల్లని పక్కింటి జీతంతో కొలవడం తప్పు సార్, కటువుగా ఉన్నా చెప్తున్నా. పైగా ఈ పీహెచ్‌డీలో లేజర్, వాక్యూమ్ లైన్, జీసీ-ఎంఎస్ (గ్యాసుల్ని విడదీసి గుర్తించే మెషీన్) లాంటి పరికరాల పనితో పాటు క్వాంటమ్ కెమిస్ట్రీ లెక్కలు, పైథాన్‌లో డేటా ఫిట్టింగ్ ఎలాగూ వస్తాయి.

కష్టం కూడా చెప్పాలి. ఈ సబ్జెక్ట్ పేరుతో ఉద్యోగ ప్రకటన పడదు, ల్యాబ్‌లూ తక్కువే, ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబై బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) లాంటి చోట్ల ఈ పని జరిగింది. తర్వాత గుజరాత్ వైపు ఫ్లోరోకెమికల్ కంపెనీల ఆర్ అండ్ డీ, వాతావరణంపై పరిశోధన చేసే పుణె ఐఐటీఎం, తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎన్ఏఆర్ఎల్, విదేశాల్లో పోస్ట్‌డాక్, ఇలా వెతుక్కోవాలి.

చేరేముందు అమ్మాయిని ఆ ల్యాబ్‌కి పంపి సీనియర్లతో మాట్లాడమనండి: లేజర్ ఇప్పుడు పనిచేస్తోందా, పాడైతే ఎన్నాళ్లకి బాగవుతుంది, పోయినసారి సబ్మిట్ చేసినవాళ్లకి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు. గైడ్ లేని టైమ్‌లో అడగమనండి.