ఎవరూ చూడని చరియ గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

వ్యాసం చదివాను. సముద్రం అడుగున విరిగిపడే చరియల గురించి తెలుగులో రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేరాలోనే సముద్రానికి కోపం తెప్పించావు, అడుగున ఏదో గర్జించిందన్నావు. అంత లోతులో ఎవరు విన్నారు? ఎవరూ చూడనిదాన్ని చూసినట్టు రాస్తే చదివేవాళ్లు నమ్మరు. అది జరిగిందని మనకెలా తెలిసిందో రాయి.

1929 సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే వ్యాసమంతా దానిమీదే నిలబెడతాను. ఆ నవంబర్ 18 సాయంత్రం ఇప్పటి కెనడాకు తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవికి దక్షిణాన, గ్రాండ్ బ్యాంక్స్ అనే లోతు తక్కువ సముద్రం అంచున 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్లు 12 తెగాయి. భూకంప కేంద్రానికి దగ్గరున్నవి వెంటనే పోయాయి. వాలు కింద, ఇంకా లోతులో ఉన్నవి మాత్రం దూరాన్ని బట్టి ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ వచ్చాయి. చివరిది తెగేసరికి 13 గంటలు దాటింది. సిగ్నల్ ఆగిన టైము ప్రతిసారీ నమోదైంది. భూకంపమే తెంపితే ఇంత ఆలస్యం ఎందుకు?

1952లో బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ అనే భూశాస్త్రవేత్తలు దీనికి జవాబు రాశారు. భూకంపానికి వాలు మీంచి జారిన మట్టి నీళ్లలో కలిసి, బురద ప్రవాహమై, కేబుళ్లను తెంపుకుంటూ పోయిందన్నారు. టైములూ దూరాలూ చేతిలో ఉన్నాయి కాబట్టి వేగం కూడా లెక్కగట్టారు: గంటకు సుమారు 100 కిలోమీటర్ల దాకా. తర్వాతివాళ్లు దాన్ని 70కి దగ్గరగా తగ్గించారు. రెండు అంకెలూ రాయి. లెక్క ఎలా మారుతూ వచ్చిందో పాఠకుడికి తెలియాలి.

ఆ ప్రవాహం ఎలా పనిచేస్తుందో చెప్పేచోట తొందరపడ్డావు. బురద కలిసిన నీరు మామూలు నీటికంటే బరువు. అందుకే అడుగునే అంటిపెట్టుకుని పల్లానికి పారుతుంది. దారిలో మట్టిని కోసి కలుపుకుంటే ఇంకా బరువెక్కుతుంది, ఇంకా వేగం అందుకుంటుంది. చదునుకు చేరాక నెమ్మదించి మేట వేస్తుంది. ముతక ఇసుక ముందు దిగుతుంది, దానిమీద సన్నని ఒండ్రు. ఈ మేటల్ని టర్బిడైట్లు అంటారు. వేల ఏళ్ల కిందటి ప్రవాహాలు కూడా ఈ పొరల వల్లే బయటపడుతున్నాయి.

'కొందరు మరణించారు' అన్నావు. ఆ మాట మార్చు. చరియ లేపిన సునామీ భూకంపం వచ్చిన రెండున్నర గంటలకు న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలోని బ్యూరిన్ ద్వీపకల్పం మీద పడింది. 28 మంది చనిపోయారు. అంతకుముందే తుఫానుకు అక్కడి టెలిగ్రాఫ్ లైను తెగి ఉంది. 21న పోర్షియా అనే స్టీమర్ వచ్చి వైర్‌లెస్‌లో కబురు పంపేదాకా వాళ్ల గోడు బయటికి చేరలేదు. ఖండాలను కలిపే తీగలు ఆ సముద్రంలోనే ఉన్నా, ఒడ్డునున్న మనుషులు ఎముకలు కొరికే చలిలో మూడు రోజులు ఎదురుచూశారు. వ్యాసంలో వీళ్లకు చోటు ఉండాలి.

భూకంపం లేకుండా కూడా ఇది జరుగుతుందని చెప్పడం మర్చిపోకు. 2020 జనవరిలో కాంగో నది ముఖద్వారం నుంచి మొదలైన ప్రవాహం 1,100 కిలోమీటర్లకు పైగా వెళ్లింది. కొన్ని వారాల ముందు నదికి పెద్ద వరద వచ్చింది. కేబుళ్లు తెగి ఆఫ్రికాలో చాలాచోట్ల ఇంటర్నెట్ నెమ్మదించింది.

చివర్లో 'రేపు మన తీరానికీ ఇదే గతి' అని ముగించావు. అది తీసెయ్. మన తీరానికి ఎదురుగా సముద్రంలో, కృష్ణా గోదావరి బేసిన్ వాలు మీద పాత చరియల ఆనవాళ్లు సర్వేల్లో కనిపించాయి, అది రాయి. రేపేమవుతుందో దాన్నిబట్టి చెప్పలేం. దానికి బదులు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ సంస్థ) సునామీ హెచ్చరిక కేంద్రానికి వెళ్లు. హెచ్చరిక సాధారణంగా భూకంపం నమోదుతో మొదలవుతుంది కదా, నేల కంపించకుండా చరియ జారితే మీకు ముందుగా తెలిసేది దేని వల్ల అని అడుగు. వాళ్లు చెప్పింది విన్నాక ఆఖరి పేరా రాసి నాకు పంపు.

నీ అన్నయ్య