కనగుర్త చేప మా మామయ్యగారి నోరు తెరిపించిన రోజు

"కోవిడ్ రోజుల్లో ఒక్క పూట బీచ్‌కి వెళ్లొస్తే మనసు నిజంగా కుదుటపడిందా?" అని ఒకరు అడిగారు. పడింది. అయితే అందరూ చెప్పే అలల చప్పుడు, ఉప్పుగాలి లాంటివాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మూతపడిన నోటిని తెరిపించే మనిషి ఒకరు దొరకాలి, అంతే. మాకు చేపలమ్మే ఆవిడ దొరికింది.

మేముండేది చెన్నై వేళచ్చేరిలో. మామయ్యగారిది నెల్లూరు. జీవితమంతా జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. 2020 మార్చిలో పది రోజులుండి పోదామని వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కున్నారు. ఊరు దాటడానికి కావాల్సిన ఈ-పాస్‌ల గొడవ తీరాక వెళ్తారా అంటే, "అక్కడ మాత్రం ఎవురున్నారమ్మాయ్" అన్నారు. అత్తయ్య పోయి అప్పటికి మూడేళ్లు.

రెండు గదుల ఫ్లాటు. బాల్కనీలో నిలబడితే కనిపించేది ఎదుటివాళ్ల బాల్కనీ. మొదట్లో కింద నడిచేవారు. అరవై దాటినవాళ్లు కిందికి రాకూడదని మా అసోసియేషన్ వాళ్లు ఒక రూలు పెట్టి దాన్నీ ఆపేశారు. లిఫ్టు బటన్ నొక్కడానికి అగ్గిపుల్లలు పెట్టింది కూడా ఆ మహానుభావులే. అందరూ ఒకే గ్లాసులోంచి పుల్ల తీసేవాళ్లు, అదేం శుభ్రమో నాకిప్పటికీ అర్థం కాదు. అలా అలా ఆయన మాట తగ్గిపోయింది. సాంబారు బాగుందా అంటే "ఊ". కాఫీ ఇవ్వనా అంటే "ఊ". సాయంత్రం టీవీలో చెప్పే కేసుల అంకె మాత్రం రోజూ పాత డైరీలో గీతలు కొట్టి మరీ రాసుకునేవారు.

మార్చి నుంచి మూసేసిన బీచ్‌లు డిసెంబరు 14న తెరిచారు. మెరీనాకు జనం విరగబడతారని భయపడి, 22న, మంగళవారం, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద చెన్నై దగ్గరి కోవళం బయల్దేరాం. మా ఆయన లీవు పెట్టారు. అప్పట్లో లీవంటే లాప్‌టాప్ మూత వెయ్యడమేగా! బయట తినడానికి గుండె చాలక ఇడ్లీలు, కారప్పొడి, ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్లాం. ధనుర్మాసం, దారి పక్క ఇళ్ల ముందు ముగ్గులింకా తడారలేదు. ముట్టుకాడు దగ్గర నీళ్లు కనబడగానే, "నాన్నా, మన నెల్లూరు వైపు నుంచి వచ్చే బకింగ్‌హాం కాలువ ఇక్కడే కదా" అని మా ఆయన కదిపి చూశారు.

"ఊ."

సముద్రం కూడా ఏమంత అందంగా లేదు. నివర్, బురేవి తుపానులు వెళ్లి నెల తిరగలేదు. ఒడ్డు కోసుకుపోయి నీళ్లు బురదరంగులో ఉన్నాయి. మామయ్యగారు మడతకుర్చీలో మాస్కు, దాని మీద ఫేస్ షీల్డు వేసుకుని కూర్చున్నారు. షీల్డు లోపలంతా ఆవిరి. సముద్రం కనిపిస్తోందో లేదో కూడా తెలీదు. అరగంట గడిచింది. ఇక్కడిదాకా తెచ్చి ఏం లాభం అనుకున్నా.

అప్పుడో ఫైబర్ పడవ ఒడ్డెక్కింది. టార్పాలిన్ మీద చేపలు కుప్పగా పోసి ఒకావిడ "కానాంగెళుత్తి, కానాంగెళుత్తి" అని అరిచింది. మామయ్యగారు షీల్డు పైకెత్తారు.

"ఏందమ్మా, ఏమన్నావు?" అంటూ లేచి నడిచారు. చేప చేతిలోకి తీసుకుని, "కనగుర్త!" అన్నారు, బంధువు ఎదురైనట్టు.

ఇంక ఆగలేదు. "దీని శాస్త్రీయనామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. కనగుర్త మన తెలుగు మాటేనమ్మా! ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నం చేపల మీద 1803లో పుస్తకం వేసి, మనోళ్లు పిలిచే పేరే అందులో రాశాడు. తర్వాత క్యూవియే అనే ఫ్రెంచాయన దాన్నే ఖాయం చేశాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనేది కూడా ఈ దొర పేరు మీదే." అంటూనే మొప్ప ఎత్తి లోపల దువ్వెన పళ్లలాంటివి చూపించారు. రాస్ట్రెల్లిజర్ అంటే చిన్న దంతె మోసేదని అర్థమట. నీళ్లు వదిలేసి, ఆ పళ్లతో మేత జల్లెడ పట్టుకుంటుందట. పదిమంది మూగారు. మాస్కు గడ్డం కిందికి జారింది. భౌతికదూరం సంగతి అడక్కండి, నా గుండె దడదడలాడుతోంది. రూలు ప్రకారం తప్పే. కానీ ఆ మొహం చూశాక సర్దుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడ అంతా ఓపిగ్గా విని, "అదెల్లాం సరి సార్, ఎత్తన కిలో?" అంది. అదంతా సరే, ఎన్ని కిలోలు అని.

కిలో 200 చెప్తే బేరమాడి రెండు కిలోలు 380కి తెచ్చారు. ఇరవై రూపాయలకే దారంతా మురిసిపోయారు. దారి పొడవునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మా ఆయన చిన్నప్పుడు కాలేజీ ల్యాబులో కప్పను చూసి ఏడ్చిన కథ పెళ్లయిన పన్నెండేళ్లకు నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి పులుసు పెడితే, వాసనొస్తోందని పక్క ఫ్లాటువాళ్లు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. తొమ్మిది నెలలుగా వాళ్లు ఫినాయిల్‌తో కారిడార్ కడుగుతుంటే ఆ ఘాటు మేం భరించలేదా? మర్నాటి పులుసు ఇంకా బాగుందని మామయ్యగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

డైరీలో ఆ రోజు కేసుల అంకె రాయడం మర్చిపోయారు. తర్వాత రోజు మళ్లీ మొదలెట్టారనుకోండి. ఒక్క రోజులో మనిషి మారిపోయాడని అబద్ధం చెప్పను. కానీ "ఊ" మాత్రం పోయింది.

కనుమకు మళ్లీ వెళ్దామని తనే అన్నారు. తీరా జనవరి 15 నుంచి 17 దాకా జనం గుమిగూడతారని బీచ్‌లు మూసేశారు. ఆ మూడు రోజులూ ఆయన సాధింపు భరించలేకపోయాం. మీరు వెళ్లేటట్టయితే ఐసు పెట్టె తప్పకుండా పట్టుకెళ్లండి. మేం పట్టుకెళ్లలేదు. ఎండలో నిలబెడితే మా కారు డిక్కీ ఇప్పటికీ కోవళం వాసనే.