ఎడిసన్ నుంచి రాలీకి మారాలా?

ట్యాక్సులు కలిసొస్తాయని న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి నార్త్ కరోలినాలోని రాలీకి మారదామనుకుంటున్నారు, మీ ఆవిడకి డ్రైవింగ్ రాదన్నారు. అసలు చిక్కు ఆ డ్రైవింగ్ దగ్గరేనండీ. నార్త్ కరోలినాలో 2026కి స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ 3.99 శాతం. అందులో పెద్దగా మిగలకపోవచ్చు, మిగిలేదల్లా ప్రాపర్టీ ట్యాక్స్‌లోనే. రాలీ పక్కనే ఉన్న క్యారీలో వెంకన్న గుడి ఉంది, మనవాళ్ళకు కొదవ లేదు. కానీ కరివేపాకు రెబ్బ కావాలన్నా కారు తీయాల్సిందే. ముందు ఆవిడకి లైసెన్స్ రానివ్వండి.

బాబుకి ఎలర్జీ అన్నారుగా, ఏప్రిల్ మొదట్లో ఓ వారం వచ్చి ఉండండి. పైన్ పుప్పొడి కార్ల మీద పసుపు చల్లినట్టు పడుతుంది. (తుమ్ములు తెప్పించేది మాత్రం ఎక్కువగా ఓక్ పుప్పొడే, అదీ అప్పుడే.) మారినా మొదటి ఏడాది అద్దె ఇల్లే చూసుకోండి.