క్లచ్ ఎందుకో తెలిశాకే క్లచ్ బొమ్మ

అమ్మా,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. డిప్లొమా పిల్లల కోసం ఆటోమొబైల్ ఇంజనీరింగ్ మౌలిక విషయాలు తెలుగులో రాయడానికి పూనుకున్నావు, చాలా సంతోషం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లల చేతిలో లావుపాటి ఇంగ్లిషు పుస్తకం పెడితే, వాళ్లలో చాలామంది దాన్ని పక్కన పడేసి పాత ప్రశ్నపత్రాలు బట్టీ పడతారు. నీ పుస్తకం అవసరం అక్కడుంది. వాక్యం నీకు చక్కగా కుదిరింది, బొమ్మలు సొంతంగా వేశావు. మెచ్చుకోలు ఇక్కడితో ఆపి అసలు విషయానికి వస్తాను.

నీ క్లచ్ పాఠం నిర్వచనంతో మొదలైంది. తర్వాత రకాలు, భాగాల పేర్లు, బొమ్మ, పనిచేసే తీరు, లాభాలు, నష్టాలు. గేర్‌బాక్స్ పాఠమూ అదే వరస, డిఫరెన్షియలూ అదే వరస. ఇలా చదివిన కుర్రాడు పది మార్కుల ప్రశ్నకి జవాబు రాసేస్తాడు. వైవాలో ఎగ్జామినర్ "క్లచ్ తీసేస్తే బండికి ఏమవుతుంది?" అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. క్లచ్ అంటే ఏమిటో అతనికి చెప్పాం గానీ, క్లచ్ లేని బండి పడే అవస్థ చూపించలేదు.

కాబట్టి నా సలహా ఇది. ఏ భాగాన్నీ పేరుతో పట్టుకురాకు. ముందు బండికి ఒక పని అప్పజెప్పు. ఆ పని చేయలేక అది ఎక్కడ ఆగిపోతుందో పిల్లల చేతే లెక్క కట్టించు. "మరిప్పుడు ఎలా?" అని వాళ్లు అడిగే దాకా బొమ్మ గీయకు.

గేర్‌బాక్స్‌నే తీసుకుందాం. నీ క్లాసులో అందరికీ తెలిసిన బండి స్ప్లెండర్. దాని ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 8 న్యూటన్ మీటర్లు, అదీ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర. ఇప్పుడు ఆ బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి పైకి ఎక్కించాలి. ర్యాంపు మీద అయిదు మీటర్లు వెళ్తే ఒక మీటరు పైకి లేస్తుంది అనుకో. బండి, దాని మీద ఇద్దరు, అంతా కలిపి 240 కిలోలు. వెనక్కి లాగే బలం ఆ బరువులో అయిదో వంతు, అంటే సుమారు 470 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లు. కాబట్టి వెనక చక్రం దగ్గర కావలసిన టార్క్ 141 న్యూటన్ మీటర్లు. ఇంజన్ దగ్గర ఉన్నవి ఎనిమిది! ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి కాసేపు ఊరుకో. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "మరి బండి ఎలా ఎక్కుతోంది మేడమ్?" అని అడిగి తీరతారు.

అప్పుడు చెప్పు, తిరిగే వేగాన్ని పద్దెనిమిది రెట్లు తగ్గిస్తే టార్క్ అన్ని రెట్లూ పెరుగుతుందని. రాపిడి నష్టాలు తర్వాత కలుపుకోవచ్చు. అయితే ఆ నిష్పత్తిలో పళ్ల చక్రాలు బిగించేస్తే సరిపోతుంది కదా అంటారు పిల్లలు. బిగించనీ. మళ్లీ లెక్క కట్టించు. ఇంజన్ 8000 ఆర్‌పీఎంలో గగ్గోలు పెడుతున్నా చక్రం నిమిషానికి 444 చుట్లే తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 1.88 మీటర్లు. అంటే బండి వేగం గంటకి 50 కిలోమీటర్లు. చదునైన హైవే మీద చెవులు చిల్లులు పడేలా అరుస్తూ యాభై! ర్యాంపు ఎక్కించిన నిష్పత్తి రోడ్డు మీద పనికిరాలేదు. రెండూ కావాలి, మధ్యలోవి కూడా కావాలి. గేర్‌బాక్స్ అనే మాట ఇప్పుడు రాయి. ఆ తర్వాత గేర్‌బాక్స్‌లో రకాలైన స్లైడింగ్ మెష్ అయినా, కాన్‌స్టంట్ మెష్ అయినా పిల్లలు ఆసక్తిగా వింటారు, ఎందుకంటే అవన్నీ వాళ్లు అడిగిన ప్రశ్నకి జవాబులు.

మోటారు బండి చరిత్రలో కూడా ఇలాగే జరిగింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్లింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రావకం కొనుక్కుంది. ఎత్తులు ఎక్కలేక బండి మొరాయిస్తే కిందికి దిగి తోశారు. బ్రేకు దిమ్మెలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు తొడిగించింది. ఆ ప్రయాణం తర్వాతే ఎత్తులు ఎక్కడానికి ఆ బండికి ఇంకో గేరు చేరింది. ఈ కథని నీ పుస్తకంలో చివర పెట్టెకట్టి "మీకు తెలుసా" అని వేయకు. గేర్‌బాక్స్ అధ్యాయం మొదట్లో వేయి, దాని చోటు అక్కడే.

క్లచ్ దగ్గర కూడా ఇదే పద్ధతి. ఇంజన్ ఆగి ఉంటే టార్క్ సున్నా. తిరగడం మొదలుపెడితే నిమిషానికి వెయ్యి చుట్లు తగ్గకుండా తిరగాలి, లేకపోతే ఆగిపోతుంది. చక్రమేమో కదలకుండా ఉంది. ఈ రెండింటినీ ఠక్కున కలిపితే ఇంజన్ అన్నా ఆగాలి, బండి అన్నా ఎగిరి దూకాలి. నీ విద్యార్థుల్లో బండి నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఈ రెండూ అనుభవమే. కాసేపు జారుతూ, మెల్లగా పట్టుకునే ఏర్పాటు ఒకటి కావాలి. హాఫ్ క్లచ్‌లో చేతికి తెలిసే ఆ జారుడే పాఠం మొత్తానికీ ప్రాణం. ఈ దారిలో వచ్చిన విద్యార్థికి ఎలక్ట్రిక్ స్కూటర్ చూపించి, దీనికి క్లచ్ లివర్ ఎందుకు లేదు అని అడుగు. మోటారు సున్నా వేగం దగ్గర కూడా టార్క్ ఇస్తుంది కదా, ఇంక క్లచ్ దేనికి అని తనే చెబుతాడు. నిర్వచనం బట్టీ పట్టినవాడికి ఎలక్ట్రిక్ బండి మళ్లీ కొత్త సబ్జెక్టులా కనిపిస్తుంది. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్న పిల్లలు ఉద్యోగాల్లో చేరాక రెండు రకాల బండ్లూ వాళ్ల చేతికి వస్తాయి, అందుకే ఈ సంగతి మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఇంజన్ అధ్యాయంలో నాకు కనబడిన లోటు అంకెలు. 'బోర్' (సిలిండర్ లోపలి వ్యాసం), 'స్ట్రోక్' (పిస్టన్ కదిలే దూరం), 'స్వెప్ట్ వాల్యూమ్' (ఆ కదలికలో పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం) అని మూడు నిర్వచనాలు ఇచ్చి ఊరుకున్నావు. అదే స్ప్లెండర్ బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. బోర్‌తో వచ్చే వృత్త వైశాల్యాన్ని స్ట్రోక్‌తో గుణించి చూడమను పిల్లల్ని. 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండి పత్రాల్లో ఉండే అంకె తమ నోటుపుస్తకంలో తేలడం చూసినప్పుడు వాళ్ల మొహాలు గమనించు. అక్కడితో ఆపకు. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకి వంద చుట్లు. చుట్టుకి రెండు స్ట్రోకులు. ఒక్కో స్ట్రోకుకి దొరికే సమయం సెకనులో రెండువందలో వంతు. అంత తక్కువ వ్యవధిలో గాలి లోపలికి రావాలి. ఇది తెలిశాక, ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకొసకి చేరకముందే ఎందుకు తెరుచుకుంటుందో, కింది కొస దాటాక కూడా ఎందుకు తెరిచే ఉంటుందో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. వాల్వు టైమింగ్ బొమ్మని బట్టీ పట్టే బాధ తప్పుతుంది.

గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌కి పదకొండు పేజీలు ఎక్కువమ్మా. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బైకులన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. సిలబస్‌లో ఉంది కాబట్టి రెండు మూడు పేజీలు ఉంచు. అవి కూడా ఒక ప్రశ్న చుట్టూ తిప్పు: కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ పాళ్లు అన్ని వేగాల్లోనూ ఎలా నిలబెట్టాలి? కిలో ఇథనాల్‌కైతే 9 కిలోల గాలి చాలు. అందుకని 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే పాత కార్బ్యురేటర్ బండిలో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి పాలు అవసరానికి మించుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి తనంతట తనే ఇంధనం పెంచి సర్దుకుంటుంది. రెండు వ్యవస్థలకీ తేడా చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తోచలేదు.

డిఫరెన్షియల్ పాఠాన్ని క్లాసు గదిలో మొదలుపెట్టకు. పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లు. 1.4 మీటర్ల పొడవున్న కర్ర ఒకటి తీసుకుని, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని పక్కపక్కన నడవమను. తిన్నగా నడిచినంతసేపూ ఇద్దరి అడుగులూ సమానం. ముగ్గుతో గీసిన పావు వృత్తం మీద తిరగమను. బయటి వాడు లోపలివాడికన్నా 2.2 మీటర్లు ఎక్కువ నడవాల్సి వస్తుంది. ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి ఉంది, నువ్వు దాన్ని వదిలేశావు. మలుపు చిన్నదైనా, పెద్దదైనా ఆ తేడా 2.2 మీటర్లే. పావు వృత్తం కాబట్టి పై (π) విలువలో సగాన్ని కర్ర పొడవుతో గుణిస్తే చాలు, మలుపు వ్యాసార్ధంతో పనే లేదు. పిల్లలు నమ్మరు. చిన్న మలుపు, పెద్ద మలుపు రెండూ నడిచి కొలుచుకోమను. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటే ఈ రెండు మీటర్ల పైచిలుకు తేడా ఎక్కడికి పోతుంది? ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. ఆ ఇబ్బంది తీర్చే అమరికని ఫ్రాన్స్‌లో పెక్యూర్ 1827లోనే, ఆవిరి బండి కోసం రూపొందించాడు.

తర్వాత ఆ అమరికలోని పళ్ల చక్రాలు, క్రౌన్ వీలు, పినియన్లు చెప్పు. చివర్లో ఒక్క విషయం మాత్రం మర్చిపోకు. డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ టార్క్ సమానంగా పంచి, వేగాన్ని వాటి ఇష్టానికి వదిలేస్తుంది. అందుకే ఒక చక్రం బురదలో జారిపోతే, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికి కూడా ఆ జారే చక్రానికి అందినంత టార్కే అందుతుంది. బండి అక్కడే ఉండిపోతుంది. గోదావరి జిల్లాల పిల్లలకి ఇది చూసిన సంగతే. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు దిగబడితే డ్రైవరు కాలితో రెండు చక్రాల్నీ కలిపి బిగించే డిఫరెన్షియల్ లాక్ ఎందుకు తొక్కుతాడో వాళ్లని అడుగు. జవాబు ఆ పిల్లల నోటి నుంచే రానివ్వు.

ఇంకో మాట. రాయడం మొదలుపెట్టకముందు నీకు వీలున్నన్ని రోజులు విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి షెడ్డులోనో కూర్చో. బండి తెచ్చినవాళ్లు ఏమంటారో విను. "పికప్ లేదు", "మిస్సింగ్ కొడుతోంది", "స్టీరింగ్ ఓ పక్కకి లాగుతోంది", "ఇంజనాయిల్ తాగేస్తోంది". వీటిలో ప్రతి ఫిర్యాదు వెనకా ఒక అధ్యాయం ఉంది. మేస్త్రి ప్లగ్గు విప్పి వెలుతురులో తిప్పి చూస్తాడు. కొస గోధుమరంగులో ఉంటే మళ్లీ బిగించేస్తాడు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, నల్లగా నూనె జిడ్డుగా ఉంటే రింగులో వాల్వు సీళ్లో చూడాలని, తెల్లగా ఎండిపోయి ఉంటే మిశ్రమం పలచబడిందనో, వేడెక్కుతోందనో అంటాడు. దహనం గురించి నువ్వు నాలుగు పేజీల్లో రాసింది అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది. ఆ నాలుగు రకాల ప్లగ్గులూ అడిగి తెచ్చుకుని క్లాసులో చేతులు మార్పించు, పుస్తకంలో ఫొటోలు వేయి.

ఇక నువ్వింకా మొదలుపెట్టని బ్రేకుల అధ్యాయం. నన్నడిగితే పుస్తకం మొత్తంలో ఇదే ముందు రాయాలి. మన పిల్లల్లో చాలామంది ముందు బ్రేకు పడితే బోల్తా పడతామనే నమ్మకంతో వెనక బ్రేకు మీదే బండి నడుపుతున్నారు. రోజూ ఆ బండ్ల మీదే కాలేజీకి వస్తారు. ఈ నమ్మకాన్ని వాళ్ల చేతే లెక్క కట్టించి తీసేయాలి. బండి, ఒక మనిషి కలిపి 180 కిలోలు. ఆగి ఉన్నప్పుడు ముందు చక్రం మీద 80, వెనక చక్రం మీద 100 అనుకుందాం. చక్రాల మధ్య దూరం 1.24 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లు. ప్రతి సెకనుకీ వేగాన్ని సెకనుకి 5 మీటర్ల చొప్పున తగ్గిస్తే సుమారు 44 కిలోల భారం వెనక నుంచి ముందుకి మారుతుంది. ముందు 124, వెనక 56. పట్టు అంతా ముందు చక్రం దగ్గర ఉంటే, కుర్రాడి కాలేమో వెనక బ్రేకు మీద ఉంది.

ఇప్పుడు పొడి రోడ్డు, ఘర్షణ గుణకం 0.7 తీసుకుని, గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరం కట్టించు. రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే సుమారు 20 మీటర్లు. వెనక బ్రేకు ఒక్కటే అయితే 49. ఇందులో మనిషి తేరుకుని బ్రేకు అందుకునే సమయం కలపలేదు, అది కూడా కలపమను. ఇసుక మీద, తడి రోడ్డు మీద, బండి వాలి ఉన్నప్పుడు ముందు చక్రం ఎందుకు జారుతుందో కూడా అదే పేజీలో రాయి, వాళ్ల భయానికి కారణం అక్కడుంది కాబట్టి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్, అంతకన్నా పెద్దవి కాని బండ్లకి కనీసం రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ ఎందుకు తప్పనిసరి చేశారో దాని వెంటనే చెప్పు. డ్రమ్ము, డిస్కు, మాస్టర్ సిలిండర్ ఇవన్నీ ఆ తర్వాత.

క్లచ్, డిఫరెన్షియల్ తిరగరాయడం నిదానంగా చేసుకోవచ్చు. ఈ బ్రేకుల అధ్యాయం మాత్రం ముందు రాసి పంపు. లెక్కలన్నీ నేను విడిగా కట్టి సరిచూసి వెనక్కి పంపుతాను. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా జిరాక్స్ తీసి అయినా పిల్లల చేతిలో పెట్టేద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు